పిడుదుల మందు

నసాంబు నాన్నకు నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. మొంబాసా ఉక్కలో మీ దగ్గు తగ్గిందని తలుస్తాను. మన నసాంబుకి కింది పాలపన్ను ఊడింది. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు మామూలే.

పేడ గ్యాసు పొయ్యి ఇంకా వెలగడం లేదా, వెలగకపోతే ఆ ఆవు దండగే కదా, తమ్ముడికి అప్పగించెయ్యి అని రాశారు. చెబుతాను.

మీరు సెలవు ముగించుకుని వెళ్లిన వారానికి మంట చిన్నదై ఆరిపోయింది. నీళ్లు ఎక్కువ కలిపానేమోనని నన్నే తిట్టుకుని, మళ్లీ కట్టెలు మొయ్యడం మొదలుపెట్టాను. చివరికి మన గ్యాసు గొయ్యి కట్టిన నఫూలా వచ్చి మూత తీసి వాసన చూసింది.

"ఇందులో పిడుదుల మందు పోసిందెవరే? అది ఆవు ఒంటికి రాసేది! పేడని గ్యాసు చేసే పురుగులన్నీ చచ్చి ఊరుకున్నాయి."

ఆ మందు ఉండేది మీ తమ్ముడు మకోఖా దగ్గరే. నిలదీస్తే నేల చూపులు చూశాడు.

"నా మీద పడకు వదినా. అన్నయ్యే పొయ్యమన్నాడు. పొయ్యి ఆరితే ఆవుని నువ్వే వదులుకుంటావన్నాడు. అక్కడో పిల్లని చూసుకున్నాడు. పిల్లనివ్వాలంటే ఓలిగా ఈ ఆవునే ఇమ్మన్నాడట వాళ్ల నాన్న."

మహిళా సంఘం ఇచ్చిన దూడని నా చేత్తో పెంచుకున్నాను. ఆ పొయ్యి మీద కాచిన టీ తాగి, పొగ వాసన లేదే అని మెచ్చుకున్న నోటితోనే ఈ పని పురమాయించి వెళ్లారా?

మీ దగ్గర ఒకటి దాచాను. నఫూలా గొయ్యి కడిగించి, తన గొయ్యిలోని పేడనీళ్లు బకెట్లతో తెచ్చి, పాలకి తోడు వేసినట్టు వేసింది. పొయ్యి ఎప్పుడో వెలిగింది. మీరు ఎంతదాకా వెళతారో చూద్దామని, వెలగలేదనే రాస్తూ వచ్చాను.

మొన్న ఆ పిల్ల మేనమామలు ఆవుని చూడ్డానికి వచ్చారు. ఆ మంట మీదే టీ కాచి ఇచ్చాను.

"నువ్వు మకోఖా భార్యవా, అమ్మా?" అన్నాడు పెద్దాయన.

"కాదు, వాళ్లన్న భార్యని."

ఆయన కప్పు కింద పెట్టేశాడు. "అదేంటి! పెళ్లాం కాన్పులో పోయిందన్నాడే!"

"టీ ఎలా ఉంది బాబాయ్? చచ్చినదాని చేతిది."

ఎవరూ నవ్వలేదు. ఆవు వంక చూడకుండానే వెళ్లిపోయారు.

మా నాన్నకీ ఇద్దరు భార్యలు. అమ్మని కూర్చోబెట్టి, అడిగి చేసుకున్నాడు. మీరూ అడిగి ఉంటే ఏడ్చి, ఏడ్చి ఒప్పుకునేదాన్నేమో. ఆవు పోయినా ఓర్చుకునేదాన్నేమో. కానీ కాన్పులో అన్నారట. నసాంబు పుట్టేటప్పుడు నా చెయ్యి వదలకుండా కూర్చున్నది మీరే కదండీ.

ఇట్లు,
నసాంబుని కని బతికే ఉన్న
మీ భార్య