గుహలో పట్టుకున్న చెయ్యి

అమ్మాయికి, నాన్న రాయునది. నేను బాగున్నాను, కాళ్ళు విరగలేదు, మీ అమ్మతో చెప్పు.

మా వడ్రంగుల సంఘం వాళ్ళు ఈ కొండ మీది అడవిలో జలపాతం చూపించారు. నీళ్ళు కిందికే పడుతున్నాయి, బాగానే ఉంది. ఇవాళ గుహలోకి తీసుకెళ్ళి, అసలు చీకటంటే ఏమిటో చూడండని దీపాలన్నీ ఆర్పేశారు. నా కాలు జారింది. ఎవరో చెయ్యి పట్టుకున్నారు. బొటనవేలు సగమే తగిలింది. రంపానికి తెగిన ఆ వేలు మీ బాబాయిది. దుకాణం పంచుకున్నాక ఆరేళ్ళుగా వాడికీ నాకూ మాటల్లేవు కదా. తెలిసి కూడా నేను వదల్లేదు.

"గట్టిగా పట్టుకోరా" అన్నాను.

"పట్టుకున్నాలే అన్నా, నువ్వు గింజుకోకు" అన్నాడు.

వెలుగులోకి రాగానే ఇద్దరం చేతులు లాగేసుకున్నాం. ఇప్పుడు మేం మాట్లాడుకుంటున్నట్టా, లేనట్టా? నాకేం పాలుపోవడం లేదు. ఇంకా పది రోజులు ఇక్కడే ఉంటాం, మీ అమ్మనడిగి వెంటనే రాయి.

వెనక తలుపు గడియ బిగించారా? నా ఉలులు ఎవరడిగినా ఇవ్వొద్దు. కళ్ళద్దాలు ఇంట్లోనే మరిచాను. మీ బాబాయివి అడిగి పెట్టుకుని ఈ కార్డు రాస్తున్నాను. నావి దొరికినా పంపకు.

పిల్లలకు మా ఇద్దరి దీవెనలు.