నాయనమ్మకి వంకరగా కనిపించిన గీత

మంగళవారం, చిల్లకల్లు.

వంటింట్లో నేను వేసిన టైల్స్ గీత వంకరగా ఉందని నాయనమ్మ వారంగా సాధిస్తుంటే ఒళ్లు మండింది. రసమట్టం పెట్టాను, దారం లాగాను. తిన్నగానే ఉంది. ఒక్కో కన్నూ మూయించి చూపిస్తే ఎడమ కంటికే వంకర! కళ్లజోళ్ల షాపువాడు "వయసంతేలే" అన్నాడు. వాణ్ణి నమ్మలేదు. ఫోన్లో దీని గురించి చదివి, ఇవాళ నందిగామ కంటాసుపత్రికి తీసుకెళ్లాను.

"వయసుతో రెటీనా మధ్యభాగం దెబ్బతిని, కింద నీరు చేరింది. అందుకే గీతలు వంగి కనిపిస్తున్నాయి. తొందరగా తెచ్చారు, ఇంజక్షన్లతో చూపు నిలబెట్టొచ్చు. ఎవరు కనిపెట్టారు?" అంది డాక్టరమ్మ.

"నేనేనండి. టైల్స్ మేస్త్రిని."

బస్సులో నాయనమ్మ, "అయితే నీ గీత తిన్నగానే ఉందంటావురా?" అంది.

"వంకర నీ కంట్లో ఉందే ముసలీ!"

బస్సంతా నవ్వింది, నాయనమ్మ కూడా.

కుడి కన్ను కూడా ఇలాగే అయితే... కానివ్వను. రోజూ పొద్దున్నే ఎడమ కన్ను మూయించి ఆ గీత ముందు కూర్చోబెడతాను.