భద్రపరచిన చీటీలు

మత్రా,
11-11-1976, గురువారం.

ప్రియమైన అమ్మకు,

ప్రభువు పేరిట నీ తబిత వందనాలు. ఇక్కడ ముగ్గురం ఒంటికి క్షేమంగానే ఉన్నాము. నువ్వు, నాన్న, తమ్ముడు, నీ మూడో తరగతి పిల్లలు అందరూ అట్లే ఉన్నారని నమ్ముతున్నాను. "ఒంటికి" అని ఎందుకు రాశానో ఈ ఉత్తరం అయిపోయేలోగా నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం సోమవారం అందింది. అడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. లేకపోతే ఎర్రసిరాతో దిద్ది తిరిగి పంపుతావని నాకు భయం.

అన్నం వేళకు తింటున్నాను. ఎండ తగ్గింది. కానీ ఇంటి వెనక కొండంతా నల్లరాయి, పగటి వేడిని పొద్దుగూకినా వదలదు. కుళాయి తిప్పితే కాగిన నీళ్లే వస్తాయి. యూనివర్సిటీ నుంచి పాఠాల కట్ట రెండోది కూడా వచ్చింది. మార్చిలో వచ్చి బి.ఏ. మొదటి ఏడాది పరీక్షలు రాస్తాను. మాటల నోటుబుక్కు మూడోది మొదలుపెట్టాను. పక్కింటి ఇక్బాలున్నీసా ఆంటీ, మన కడపావిడే, రోజుకొక మాట ఇస్తుంది. మొన్న సూక్‌లో, అంటే ఇక్కడి బజారులో, కొన్న సాంబ్రాణి గడ్డ చూపించి, దీన్ని ఇక్కడివాళ్లు "లుబాన్" అంటారని చెప్పింది. నేను వెంటనే రాసుకుంటుంటే చూసి, "ఈ పిల్లకు కూడు పెట్టే పనిల్యా, నాలుగు మాటలు పెడితే చాలు, కడుపు నిండిపోతాది" అని చిన్నమ్మతో అని నవ్వింది. చిన్నమ్మ కూడా నవ్వింది. ఈ నెలలో ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ చీటీలేమిటని అడిగావు. మన ఊరి సంఘంలో లేవు కాబట్టి నీకు వింతగా ఉంటుంది. ఇక్కడిది ప్రెస్బిటేరియన్ సంఘం. తెలుగువాళ్లం నలభై మందిమి. ఈ అరబ్బు దేశంలో సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన కూడా శుక్రవారమే. మూడు నెలలకొకసారి ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం. దానికి వారం ముందు సంఘ పెద్దల్లో ఒకరు ఇంటింటికీ వచ్చి, ఒక్కొక్కరి పేరున చిన్న అట్టముక్క ఇస్తారు. అది చేతికిచ్చే ముందు ఒక ప్రశ్న అడుగుతారు: "సమాధానంగా ఉన్నారా? మనసులో దాచుకున్నది ఏమైనా ఉందా?" అందరూ "ఏమీ లేదండీ" అంటారు. టీ తాగుతారు, ప్రార్థన చేస్తారు, వెళ్తారు. బల్ల రోజున ఆ చీటీ పళ్లెంలో వేసినవాళ్లకే రొట్టె. చీటీల మీద పేర్లు రాసే పని ఏడాదిగా నాది. నా చేతిరాత చూసి మా పాదిరి మెక్నీల్ దొరగారు అప్పగించారు. ఆయన స్కాట్లాండు మనిషి, కానీ ఇరవై ఏళ్లు మన వైపే పనిచేసి వచ్చారు. మనకన్నా శుభ్రమైన తెలుగు మాట్లాడతారు. పెద్దల సమావేశాల్లో మూలన కూర్చుని తీర్మానాల పుస్తకం రాసేది కూడా నేనే. ఈ సంగతి నీకు గర్వంగా రాశాను, జ్ఞాపకముందా?

ఇక నీ ఉత్తరం చివర ఉన్నది. జ్ఞానాభరణం గారి భార్య నీకు ఏదో రాసిందని, అది నిజమా అని అడిగావు. నిజమైతే నెలాఖరులోగా వాళ్లింటికి మారిపొమ్మన్నావు. "మీ చిన్నమ్మకు నేనిక ఉత్తరం రాయను" అన్నావు.

నిజమే అమ్మా. అయితే ఆవిడ ఏ మాటల్లో రాసిందో ఆ మాటల్లో కాదు. నేను ఇంట్లోనే ఉన్నాను, విన్నది విన్నట్టు చెబుతాను.

అక్టోబరు మొదటి వారంలో జ్ఞానాభరణం గారు చీటీలు తెచ్చారు. మంచి మనిషి, చెడుగా చెప్పను. నేను దిగిన రోజు నా పెట్టె మోసుకుని వచ్చింది ఆయనే. ఆ రోజు చీటీలతోపాటు ఒక సంబంధం కూడా తెచ్చారు. బహ్రెయిన్‌లో వాళ్ల తమ్ముడి వరసాయన, భార్య పోయి రెండేళ్లయిందట.

"లేయమ్మా, నీకు ముప్పయ్యెనిమిది. ఇంకా ఎన్నాళ్లు ఒంటరిగా ఉంటావు?" అన్నారు.

"నేను ఒంటరిగా లేనండి. మరకతం ఉంది."

"స్నేహితులు ఉండాలి తల్లీ, కాదనను. మా ఆవిడకూ ఉన్నారు, ఇంటికొచ్చారంటే నాకు కాఫీ కూడా దిక్కుండదు. నేను చెప్పేది సంసారం సంగతి."

నేను వంటింట్లో టీ వడపోస్తున్నాను. చిన్నమ్మ ఆసుపత్రిలో జ్వరం ఎంతుందో చెప్పే గొంతుతోనే, "నేను కూడా అదే చెప్తా ఉండాను. మీ ఆవిడకు మీరెట్లనో, నాకు మరకతం అట్ల. పదకొండేండ్లుగా. మనసులో దాచుకున్నదేమైనా ఉందా అని ప్రతిసారీ అడుగుతారు. ప్రతిసారీ లేదని అబద్ధం చెప్పి రొట్టె తింటా ఉండాను. ఈసారి చెప్పలేను" అన్నది.

నేను టీ తీసుకుని వెళ్లేసరికి ఆయన లేచి నిలబడి ఉన్నారు. జేబులోంచి తీసిన మూడు చీటీల్లో నాది నా చేతికిచ్చారు. రెండు మళ్లీ జేబులో పెట్టుకున్నారు. ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి. "ఎందుకు చెప్పావమ్మా? నేనడిగింది అది కాదు కదా" అన్నారు.

మరకతం ఆంటీ నీకు కొత్త కాదు. రాణిపేట మనిషి, చిన్నమ్మతో కలిసి నర్సింగ్ చదివింది. నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఇరవై ఒక్క రోజులు నీ మంచం పక్కన చాప వేసుకుని పడుకుంది. తెలుగు చదవడం రాదు, మన పాటలన్నీ తమిళ అక్షరాల్లో రాసుకుని మన ఆరాధనలో పాడుతుంది. చిన్నమ్మ డ్యూటీ నుంచి వచ్చే వేళకు రెండు బకెట్లు నీళ్లు పట్టి నీడలో చల్లారబెడుతుంది. వాళ్లిద్దరూ ఏమవుతారని నువ్వు నన్ను అడిగితే నేను చెప్పగలిగేది ఈ బకెట్ల సంగతి ఒక్కటే. మాట కోసం నిఘంటువు వెతికాను. దొరికినవి రెండే రెండు. రెండూ నా నోటుబుక్కులో రాసుకోదగ్గవి కావు.

ఆ ఆదివారం సాయంత్రం పెద్దలు సమావేశమయ్యారు. దొరగారు, జ్ఞానాభరణం గారు, ఇంకో ఇద్దరు. మూలన నేను. నేను ఆ ఇంటి పిల్లనని అందరికీ తెలుసు. అయినా నన్ను లేచిపొమ్మని ఎవరూ అనలేదు, పుస్తకం రాసేవాళ్లు కావాలి కదా.

ఈ సంఘంలో ఒక పద్ధతి ఉంది. పుస్తకంలో రాసి, పైకి చదివి, అందరూ సరేననే దాకా ఏ నిర్ణయమూ నిర్ణయం కాదు. ఆ రోజు గంటన్నరసేపు వాళ్లకు రాయడం చేతకాలేదు. ఆ సంగతి పైకి అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఒకాయన "పాపము" అని పెట్టమన్నారు. ఇంకొకాయన, "అట్లయితే ఏ పాపమో రాయాల్సి వస్తుంది, అది ఆడవాళ్ల ముందు ఎట్లా చదువుతావు?" అన్నారు. "క్రమము తప్పిన" అన్నారు, కొట్టేశారు. జ్ఞానాభరణం గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు.

చివరికి దొరగారు, "మా దేశంలో కూడా ఇట్లాంటివాళ్ల సంగతి సంఘాలు ఇప్పుడిప్పుడే మాట్లాడుకుంటున్నాయి. తెలిసినవాళ్లకే తేలలేదు. మనకు రాయడానికి మాట దొరకనప్పుడు, బహుశా రాయకూడదేమో" అని పుస్తకం మూయబోయారు.

అమ్మా, ఇప్పటిదాకా రాసినదంతా ఈ తర్వాతి వాక్యాన్ని వాయిదా వేయడానికే రాశాను.

నేను చెయ్యెత్తి, "అయ్యగారూ, ఒక వాక్యం చెప్పనా?" అన్నాను.

చెప్పాను. "సంఘ సమాధానము నిమిత్తము, ఈ ఇరువురు సహోదరీల చీటీలను, తగిన కాలము వచ్చువరకు, ప్రేమతో మన యొద్ద భద్రపరచడమైనది."

గదిలో అందరి ముఖాలూ తేటపడ్డాయి. "కొట్టివేయడం" కాదు, "తొలగించడం" కాదు, భద్రపరచడం. ఇందులో బాధపడటానికి ఏముంది? "పిల్లకు ఎంత జ్ఞానం ఇచ్చాడయ్యా దేవుడు" అన్నారు ఒకాయన. రాశాను, చదివాను, అందరూ సరేనన్నారు. దొరగారు కూడా, కొంచెం ఆలస్యంగా.

వాళ్లు "పాపము" అని రాస్తారేమో, దానికన్నా మెత్తని మాట ఇస్తే చిన్నమ్మకు నొప్పి తగ్గుతుందని అట్లా చేశానని నాకు నేను చాలా రోజులు చెప్పుకున్నాను. అది సగమే. ఆ వాక్యం గంటసేపటి నుంచి నా తలలో తయారై ఉంది. బాగుంది. ఎవరైనా వినాలనిపించింది. అంతే అమ్మా. పుస్తకం మూసేస్తుంటే నా వాక్యం వృథా అయిపోతుందని తొందరపడ్డాను.

బల్లకు ముందురోజు ఆభరణం గారి భార్య ఎప్పటిలాగే గిన్నె తీసుకుని మా ఇంటికి వచ్చింది. బల్ల రొట్టె కాల్చేది ఆరేళ్లుగా మరకతం ఆంటీయే. ఈసారి వద్దని చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆంటీ గుడ్డలో చుట్టి ఇచ్చింది. ఆవిడ గుమ్మంలోనే నిలబడి, తల వంచుకుని తీసుకుని పోయింది.

శుక్రవారం ఇద్దరూ ఆరాధనకు వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. తీర్మానం పైకి చదివారు. చీటీల పళ్లెం చిన్నమ్మ చేతికి వచ్చింది. ఆమె దాన్ని ఆంటీకి అందించింది, ఆంటీ నాకు అందించింది. నేను నా చీటీ వేశాను. రొట్టె వచ్చింది. ఆంటీ పిండిలో ఏలకుల పొడి రవ్వంత వేస్తుంది, నాలుక మీద పెట్టగానే తెలిసింది. మింగాను. వాళ్ల పక్క నుంచి లేచి వెళ్లిపోవచ్చు, చీటీ వేయకుండా ఉండవచ్చు. అవన్నీ ఇంటికొచ్చాక తోచాయి.

దారిలో ఆంటీ తన తమిళం కలిసిన తెలుగులో నన్ను అడిగింది, "రొట్టె సరిగా వెందిందా కన్నూ? అడుగు మాడలేదు కదా?"

"బాగుంది ఆంటీ" అన్నాను.

చిన్నమ్మ, "తీర్మానం ఎవరు రాసినారో గానీ మంచి తెలుగు" అన్నది. నా వైపు చూడలేదు. ఆమెకు తెలుసో లేదో నాకు తెలియదు. పుస్తకం రాసేది నేనని తెలుసు, కానీ వాక్యం కూర్చింది కూడా నేనేనని తెలుసో లేదో. నేను ఇంతవరకు చెప్పలేదు.

మరుసటి వారం దొరగారి దగ్గరికి వెళ్లి ఆ వాక్యం కొట్టేయమని ఏడ్చాను. ఆయన నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. "రాసి ఒప్పుకున్నదాన్ని కొట్టేయాలంటే దానికి కూడా ఒక తీర్మానం రాయాలి తల్లీ. ఆ వాక్యం కూడా నువ్వే రాసుకుని రా. చదువుతాను" అన్నారు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగారు. నాలుగు రోజులు కూర్చున్నాను. పదహారు కాగితాలు చింపాను. వాళ్లిద్దరి పేర్లు రాస్తాను, ఆ తర్వాత కలం కదలదు. వాళ్లు ఒకరికొకరు ఏమవుతారో రాయకుండా, చీటీలు ఎందుకు తిరిగివ్వాలో రాయలేను. ఆపడానికి వచ్చినంత సులువుగా ఇవ్వడానికి నాకు భాష రాలేదు.

ఈలోగా "తగిన కాలము" అంటే ఏమిటని పెద్దలు వాళ్లలో వాళ్లు అర్థం తేల్చుకున్నారు. ఇద్దరూ వేరువేరు ఇళ్లలో ఉంటే అదే తగిన కాలమట. అది మరకతం ఆంటీ చెవిన పడింది. నిన్న సలాలాకు బదిలీ కోసం దరఖాస్తు పెట్టి వచ్చింది. విమానంలో పోవాల్సిన దూరం అది. "నేను పోతే లేయాకు చీటీ వస్తుంది" అంటుంది. చిన్నమ్మ "నాకొద్దు ఆ చీటీ" అంటుంది. ఇద్దరూ గట్టిగా మాట్లాడుకోవడం కూడా లేదు. ఆంటీ పెట్టె సర్దుతుంటే చిన్నమ్మ పక్కన కూర్చుని చీరలు మడత పెట్టి అందిస్తోంది. నేను పక్కగదిలో పుస్తకం ముందు పెట్టుకుని ఆ గుడ్డల చప్పుడు వింటున్నాను.

అందుకని అమ్మా, నేను ఆభరణం గారింటికి మారలేను. నీ మాట కాదనడం ఇదే మొదటిసారి. ఇక్కడ ఉండి చేయగలిగింది కూడా ఏమీ లేదు. నీళ్లు పట్టి నీడలో పెట్టడం మాత్రం నేర్చుకుంటున్నాను.

జనవరి బల్లకు చీటీలు రాయమని మళ్లీ అట్టముక్కలు వచ్చాయి. అందరితోపాటు వాళ్లిద్దరి పేర్లు కూడా రాశాను. పెద్దల సంతకం లేకపోతే అవి ఉత్త అట్టలే. ఒకటి లేయమ్మ, ఒకటి మరకతం. వాటిని ఈ కవరులో పెట్టి నీకు పంపుతున్నాను. నీ బైబిల్లో పెట్టుకో. నువ్వు పెద్దల్లో లేవు, నీ సంతకం చెల్లదు, నాకు తెలుసు.

ఒక్కటి అడుగుతాను. చిన్నమ్మకు ఉత్తరం రాయడం మానకు. నీ ఉత్తరం వచ్చే రోజు ఆమె డ్యూటీ బట్టలు కూడా మార్చుకోకుండా గుమ్మంలోనే చదువుకుంటుంది. ఈ సోమవారం తన పేరున ఉత్తరం లేక ఊరికే గుమ్మంలో నిలబడి, లోపలికి వచ్చింది. ఏం రాయాలి అని మాత్రం నన్ను అడగకు. నేను ఇచ్చిన వాక్యం ఏం చేసిందో చూశావుగా. ఇల్లు ఊడ్చుకున్న సంగతి రాయి, వాన పడిందో లేదో రాయి, తమ్ముడి మార్కులు రాయి. తప్పులు దొర్లినా ఫరవాలేదు. అడుగున "నీ అక్క" అని ఉంటే చాలు.

నాన్నకు వందనాలు. తమ్ముడికి ముద్దులు.

ఇట్లు,
నువ్వు దిద్దాల్సిన నీ పెద్దకూతురు,
తబిత.