ఏసీ ఎదుటి మంచం

శుక్రవారం రాత్రి, సత్వా

నాకు అక్షరం రాదు కనుక మా గదిలోనే ఉండే నర్సు రోజీ చేత రాయిస్తున్నాను. నేను చెప్పినట్టే రాయాలి, మా గదిలోని మంగను వెనకేసుకు రాకూడదు.

ఈ వేసవికి ఏసీ ఎదుటి మంచం ఎవరిదో తేల్చుకోవడానికి ఈ ఎడారి దేశానికి పనికొచ్చి ఒకే గదిలో ఉంటున్న ఆరుగురమూ రమ్మీ ఆడాము. తలా యాభై చింతగింజలు. అవి అయిపోతే ఆటలోంచి లేవాలి. ఆడి ఓడితే పది పోతాయి, పంచగానే ముక్కలు పడేస్తే రెండే. నేను పడేస్తూ, పడేస్తూ బతికాను. మంగ ప్రతి ఆటా ఆడింది. ఓడినా నవ్వింది. నలుగురినీ లేపేసి గింజలు కుప్ప పోసుకుంది. ఆ గుండె చూస్తేనే నాకు ఏడుపు.

చివరికి నా దగ్గర రెండే గింజలు మిగిలాయి. చేతికి బంగారం లాంటి ముక్కలొచ్చాయి. అయినా అలవాటుగా పడేశాను.

"అయ్యో పిన్నిగారూ! ఆ రెండూ ఎలాగూ పోయేవేగా, ఆడాల్సిందండీ!" అంటూ మంగ తన ముక్కలు పరిచింది. అన్నీ చెత్తే.

పైగా, "మంచం మీరే తీసుకోండి, నాకు చలి పడదండీ" అంది. గెలుపూ దానిదే, మంచితనమూ దానిదేనా? అక్కర్లేదన్నాను.

ఇప్పుడు నేను చెమటకు తలగడ తిప్పుకుంటున్నాను. మంగ ఏసీ ఎదుట దుప్పటి ముసుగేసుకుని నిద్రపోతోంది...