నేను పాడలేని అప్పగింతల పాట

నాయనా,

‘బాపూ’ అంటే చెంప పగలగొట్టేవాడివి కాబట్టి, నువ్వు నేర్పిన పిలుపుతోనే మొదలుపెడుతున్నాను. మార్కాపురం వచ్చాక మన సుగాలి మాటను గడప దాటి లోపలికి రానివ్వలేదు నువ్వు.

నిన్న అర్ధవీడు దగ్గర మన తండాలో నీ తమ్ముడి మనవరాలిని అత్తారింటికి పంపారు. వలసలు పోయి సగం ఇళ్లకు తాళాలే. పెళ్లికూతురు అందరినీ వాటేసుకుని పాటగా ఏడవాలి కదా, హాస్టల్లో పెరిగిన ఆ పిల్లకు ఒక్క ముక్క రాలేదు. నీ చెల్లెలే దాని బదులు పాడింది.

“ఏమని పాడినావత్తా?” అని అడిగాను.

“తండ్రిని తిట్టినా. నన్నెందుకు తోలేస్తున్నావని. ఆ పొద్దు ఆడపిల్ల ఏమన్నా ఎవురూ దాని నోరు మూయించరు. నువ్వు మీ నాయన్ని తిట్టకుండానే పోయినావు గదే!”

నా పెళ్లినాడు నేను రాయిలా నిలబడితే, “మా బిడ్డ చదువుకున్నది, ఏడవదు” అని గొప్పలు పోయావు. నిన్ను మొహం మీదే తిట్టే ఆ ఒక్క రోజునూ లాక్కున్నావు.

అత్త దగ్గర రెండు చరణాలు నేర్చుకున్నాను. రేపు నీ ఇంట్లోనే, నీ ఫోటో ముందు నిలబడి పాడతాను. మొదటి మాటే ‘బాపూ’.

చేతనైతే కొట్టు.