ఒత్తుగా మొలిచిన మడి

అక్టోబర్ 14
మొలిచాయి. మా అమ్మాయి స్కూటర్ మీద వెళ్లి ప్రమాదంలో పోయి ఆరు రోజులు. పోయే ముందు రోజు సాయంత్రం తన చేత్తో చల్లిన క్యాబేజీ విత్తనాలు. ఒక్కటీ పోకుండా మొలిచాయి. అదే ప్యాకెట్‌లో సగం పక్కింటి వదినకి ఇచ్చింది. ఆవిడవీ మొలిచాయట.

నవంబర్ 9
వదిన గోడ మీంచి తొంగి చూసింది. ఏంటి వదినా, మడి అనుకున్నావా బస్సు అనుకున్నావా, ఇంతమందిని ఎక్కించావు, అంది. మూరకొకటి ఉంచి మిగతావి పీకెయ్యమంది. లేకపోతే ఒక్కటీ గడ్డ కట్టదట. తనవి ఎప్పుడో పీకి పారేసిందట. ఎంత తేలిగ్గా చెప్పింది! ఆవిడకేం, కూతురు కళ్లెదురుగా తిరుగుతోంది. నా పిల్ల చేతిపని నాకు మిగిలింది ఇదొక్కటే. ఇందులో ఏది పీకను?

నవంబర్ 10
పీకను.

డిసెంబర్ 6, ఆదివారం
వదినవి లోపలికి ముడుచుకుంటున్నాయి. అప్పుడే పిడికిలంత గడ్డలు. నావి కాడలు సాగి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆవిడ కూతురు పైపుతో నీళ్లు పెడుతూ వాళ్లమ్మని తడిపేసింది. ఇద్దరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. కిటికీ వేసేశాను.

సాయంత్రం నా మొక్కల మీది పచ్చపురుగుల్ని ఏరి గోడ అవతల వేశాను. తొమ్మిది. ఈయన చూశారు. పాపం, వాటికి మంచి ఇల్లు చూపిస్తున్నావా అన్నారు. సిగ్గు వెయ్యలేదు. ఇంకో నాలుగు దొరికితే బాగుండుననిపించింది.

జనవరి 8
వదిన మొదటి గడ్డ కోసి తెచ్చింది. రెండు చేతులా పట్టుకుని, పసిబిడ్డని తెచ్చినట్టు. మీ అమ్మాయి ఇచ్చిన విత్తనం వదినా, మొదటిది నీకే, అంది. వద్దన్నాను. మీ ఇంట్లో తినేవాళ్లు ఉన్నారుగా, వాళ్లకే పెట్టుకో అన్నాను. ఆవిడ మొహం మాడిపోయింది. గడ్డని గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది.

చాలాసేపటికి ఎత్తి చూశాను. ఎంత బరువో! అమ్మాయి చల్లినవాటిలోనూ ఇంత బరువు ఉండే ఉంటుంది. నేనే రానివ్వలేదు.

జనవరి 10, ఆదివారం
వదిన కూతుర్ని నేనే పిలిచాను. మూరకొకటి ఉంచి మిగతావి పీకమ్మా, నా చేత కాదు అన్నాను. ఒక్కొక్కటే పీకింది. పారెయ్యనివ్వలేదు. అన్నీ నా ఒళ్లో వేయించుకున్నాను. అవి వాడిపోయేదాకా లేవలేదు. ఆ పిల్లా నా పక్కనుంచి లేవలేదు.