మామ్మ చెప్పిన రెండు జవాబులు

టెక్కలి కాలేజీలో మనసు పాఠాలు చెప్పే మాష్టారికి, ఉద్దానం సముద్రపు ఒడ్డు నుంచి భాగ్యశ్రీ మామ్మ చెప్పి రాయిస్తున్నది.

మీ విద్యార్థులు కాగితాలతో వచ్చి, నిద్ర పడుతోందా, సంతోషంగా ఉన్నావా అని అడిగితే లేదన్నాను. పడవలు వేటలో ఉండగా ముక్కూమొహం తెలియనివాళ్ళతో బాగున్నామంటే దిష్టి తగలదా? వారం పోయాక వాళ్ళలో ఒక పిల్ల వచ్చి, నా చేతి చేపల పులుసు తిని, మళ్ళీ అవే అడిగింది. బాగున్నానన్నాను.

మీరేమో క్లాసులో రెండు జవాబులూ చదివి, ముసల్దాని మాటకి నిలకడ లేదన్నారట! "మామ్మా, నీ వల్ల అందరూ నవ్వుతన్నారు, నానింక ఎల్లను" అని మీ క్లాసులోనే చదివే మా మనవరాలు కాలేజీ మానేసింది.

నాది అబద్ధం కాదు, దిష్టికి జాగ్రత్తపడ్డానని పిల్లలందరి ముందూ చెప్పండి. నమ్మకపోతే మీరే వచ్చి అడగండి. ముందు మా ఇంట్లో భోజనం చెయ్యండి. పరాయివాళ్ళకి మాత్రం నా జవాబు పాతదే.